దారి ఎవరు చెబుతారు? వలస జీవుల దారి తెలివిపై ఒక సమీక్ష

2022 అక్టోబరులో ఒక పక్షి అలాస్కా తీరం నుంచి పైకి లేచి, పసిఫిక్ మహాసముద్రాన్ని ఎక్కడా వాలకుండా దాటి, ఆస్ట్రేలియా దిగువనున్న టాస్మేనియా దీవిలో దిగింది. పేరు బార్ టెయిల్డ్ గాడ్విట్. మన చెరువుగట్ల మీద తిరిగే ఉల్లంకి పిట్టల కుటుంబానికి చెందినది. ఒంటికి అమర్చిన ఉపగ్రహ ట్యాగు లెక్క ప్రకారం అది 11 రోజుల్లో సుమారు 13,560 కిలోమీటర్లు ఎగిరింది. అప్పటికి దాని వయసు అయిదు నెలలు. ఆ దారిన అంతకుముందు ఎన్నడూ వెళ్లలేదు. నడిసముద్రంలో నీటి మీద వాలి సేదదీరే ఒడుపు ఆ జాతికి లేదు. గురి తప్పితే మిగిలేది చావే.

ఇలాంటివి చదివినప్పుడు 'పుట్టుకతో వచ్చిన తెలివి' అనుకుని పుట తిప్పేస్తాం. ఆ జవాబులో నిజం సగమే ఉంది. పుట్టుకతో వచ్చినదేమిటి? దిక్కా, దూరమా, గమ్యం గుర్తా? ఆ దిక్కును దేన్ని చూసి పట్టుకుంటుంది? గాలి పక్కకు తోసేస్తే తానెక్కడ ఉందో ఎలా తెలుసుకుంటుంది? పెద్దల నుంచి నేర్చుకునేది ఎంత? వందేళ్లకు పైగా ఈ ప్రశ్నల మీద జరిగిన పనినంతా ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. దారి తెలియడం ఒక్క శక్తి వల్ల జరిగే పని కాదు. ఒకదానితో ఒకటి సరిచూసుకునే అనేక జ్ఞానాల కూర్పు అది. కొంత రక్తంలో వస్తుంది, కొంత అనుభవంతో వస్తుంది, కొంత పెద్దల వెంట వెళ్లి నేర్చుకుంటే వస్తుంది. అందుకే అది అంత గట్టిది. అందుకే దాన్ని మనం అన్ని వైపుల నుంచీ చెడగొట్టగలుగుతున్నాం కూడా.

వలస ఉందని తెలియడానికే శతాబ్దాలు

చలికాలంలో కొన్ని పిట్టలు ఎందుకు కనబడవన్న ప్రశ్నకు అరిస్టాటిల్ కాలంలో రెండు జవాబులు ఉండేవి. కొన్ని వేరే పిట్టలుగా మారిపోతాయన్నది ఒకటి, కొన్ని బొరియల్లో ఒళ్లు దాచుకుని నిద్రపోతాయన్నది రెండోది. 1822లో జర్మనీలోని క్లూట్స్ గ్రామం దగ్గర వేటగాళ్లు కొట్టిన ఒక తెల్లకొంగ మెడలో మూరెడు దాటిన ఆఫ్రికా ఈటె గుచ్చుకుని ఉంది. ఆ ఈటెతోనే అది ఆఫ్రికా నుంచి జర్మనీ దాకా ఎగిరి వచ్చింది. ఆ కొంగను రోస్టాక్ విశ్వవిద్యాలయంలో నేటికీ భద్రపరిచారు. 1899లో డెన్మార్క్‌లోని వీబోర్గ్‌లో మోర్టెన్సెన్ అనే బడి పంతులు స్టార్లింగ్ పక్షుల కాళ్లకు అంకెలు వేసిన అల్యూమినియం ఉంగరాలు తొడగడంతో ఊహల స్థానంలోకి రుజువు వచ్చింది. మన దేశంలో 1959 నుంచి సలీం అలీ నాయకత్వంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఆ పనిని పెద్ద ఎత్తున సాగించింది.

రుజువు ఎంత అవసరమో చెప్పడానికి మన తేలినీలాపురమే చాలు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరి చెట్ల మీద ఏటా గూడు కట్టుకునే గూడబాతులనూ పెయింటెడ్ స్టార్క్ కొంగలనూ సైబీరియా పక్షులని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందినవి. సైబీరియాలో అవి గూడు కట్టవు. వర్షాలనూ చేపలనూ అనుసరించి మన భూభాగంలోనే తిరుగుతుంటాయి. నిజంగా ఉత్తరాన ఉన్న చలిదేశాల నుంచి వచ్చేవి కొల్లేరులోనూ పులికాట్‌లోనూ చలికాలంలో కనబడే సూదితోక బాతుల వంటివి. తేలినీలాపురం ప్రజలు ఆ పక్షులను ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారన్న మాట మాత్రం అక్షరాలా నిజం, వాటి పుట్టిల్లు ఏదైనా ఆ ఆదరణ విలువ తగ్గదు.

ఇక పక్షుల ఒంటికి కట్టే చిన్న ట్యాగులు వచ్చాక తెలిసిన దారులు మన ఊహలను మించిపోయాయి. 2010లో కార్స్టెన్ ఎగెవాంగ్ బృందం ప్రకటించిన ఫలితాల ప్రకారం, వంద గ్రాముల పైచిలుకు బరువుండే ఆర్కిటిక్ టెర్న్ గ్రీన్‌లాండ్ నుంచి అంటార్కిటికా సముద్రం దాకా పోయి రావడంలో ఏడాదికి సగటున 70,900 కిలోమీటర్లు తిరుగుతుంది. ఈశాన్య చైనా, రష్యా సరిహద్దుల్లో పుట్టే అముర్ డేగలు నాగాలాండ్‌లో ఆగి, భారత ద్వీపకల్పాన్ని దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా దక్షిణ భాగానికి చేరతాయి. 2012లో నాగాలాండ్‌లోని డోయాంగ్ జలాశయం దగ్గర వాటిని వలలతో భారీగా చంపారు. మరుసటి ఏడాదికల్లా అక్కడి గ్రామసభలే వేట మాన్పించాయి. అదే 2013లో అక్కడ మొదటిసారి ఆ డేగలకు ట్యాగులు కట్టారు.

దిక్కు పట్టుకోవడం

మొదటి గట్టి జవాబు సూర్యుడి దగ్గర దొరికింది. 1950ల తొలినాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ క్రామర్ స్టార్లింగ్ పక్షులను గుండ్రటి పంజరంలో ఉంచి గమనించాడు. ఇవి మన గోరింకల కుటుంబానికి చెందినవి. వలస కాలం రాగానే పంజరంలో కూడా అవి తాము వెళ్లవలసిన దిక్కుకే తిరిగి రెక్కలు కొట్టుకునేవి. కిటికీల దగ్గర అద్దాలు పెట్టి ఎండ వచ్చే వైపు మార్చగానే పక్షుల దిక్కూ ఆ మేరకు మారింది. మబ్బు కమ్మితే తికమకపడ్డాయి. అయితే సూర్యుడు ఒకచోట నిలవడు, గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. అతణ్ణి చూసి దిక్కు చెప్పాలంటే వేళ ఎంతయిందో తెలియాలి. ఒంట్లో గడియారం ఉండాలి. దీన్ని పావురాల మీద పరీక్షించారు. కృత్రిమ వెలుతురులో ఉంచి వాటి పగలూ రాత్రీ ఆరు గంటలు జరిపి వదిలితే, అవి దాదాపు 90 డిగ్రీలు పక్కకు ఎగిరిపోయాయి. లెక్కలో తప్పు లేదు, గడియారమే తప్పు.

ఉత్తర అమెరికా నుంచి మెక్సికో కొండలకు వలసపోయే మొనార్క్ సీతాకోకచిలుకలో ఈ గడియారం ఎక్కడుందో కూడా తెలిసింది. 2009లో స్టీవెన్ రెపర్ట్ బృందం వాటి మీసాలకు నల్లరంగు పూసి వెలుతురు తగలకుండా చేసింది. అవి ఏదో ఒక దిక్కుకు స్థిరంగా ఎగిరాయి కానీ ఆ దిక్కు తప్పు దిక్కు. పారదర్శకమైన రంగు పూసినవి సరిగ్గానే ఎగిరాయి. సూర్యుణ్ణి చూసేది కన్ను, వేళ చెప్పేది మీసం. రెంటినీ కలిపేది అతి చిన్నదైన మెదడు.

రాత్రి ఎగిరే పక్షుల సంగతి స్టీఫెన్ ఎమ్లెన్ తేల్చాడు. 1960లలో అతడు ఇండిగో బంటింగ్ అనే చిన్న నీలిపిట్టలను నక్షత్రశాలలోకి తీసుకెళ్లాడు. పంజరం అడుగున సిరా దిండు, చుట్టూ గరాటు ఆకారంలో అద్దుడు కాగితం పెట్టాడు. పక్షి ఎటు దూకిందో పాదముద్రలే చెప్పేవి. ఆకాశాన్ని తిప్పితే పక్షుల గురీ తిరిగింది. ఆ తరువాతి ప్రయోగం ఇంకా లోతైనది. కొన్ని పిల్లలను ధ్రువనక్షత్రం చుట్టూ కాక, బీటెల్‌జూస్ అనే ఆర్ద్రా నక్షత్రం చుట్టూ తిరిగే కృత్రిమ ఆకాశం కింద పెంచాడు. వలస కాలం వచ్చేసరికి అవి ఆర్ద్రనే ఉత్తరంగా భావించి, దానికి ఎదురు దిక్కుకు దూకాయి. అంటే చుక్కల పటం పక్షికి పుట్టుకతో రాదు. 'ఆకాశంలో కదలని చోటును వెతుక్కో' అన్న ఆదేశం మాత్రమే పుట్టుకతో వస్తుంది. మిగతాది గూటిలో ఉన్న రోజుల్లో పైకి చూస్తూ నేర్చుకుంటుంది. మొత్తం ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం మరొకటి నాకు కనబడలేదు.

ఆకాశాన్ని వాడుకునే హక్కు పక్షులకే పరిమితం కాదు. దక్షిణాఫ్రికాలో పేడపురుగు తన ఉండను పోటీదారుల నుంచి తప్పించడానికి పేడగుట్ట నుంచి తిన్నగా దూరం దొర్లించుకు పోవాలి. 2013లో మరీ డాకే, ఎరిక్ వారంట్ బృందం వాటి తలలకు చిన్న అట్ట టోపీలు పెట్టి ఆకాశం కనబడకుండా చేస్తే వంకరటింకరగా తిరిగాయి. జోహన్నెస్‌బర్గ్ నక్షత్రశాలలో పాలపుంత ఒక్కటే వెలిగించినా తిన్నగా నడిచాయి. ఆస్ట్రేలియాలో బోగాంగ్ అనే గోధుమరంగు చిమ్మట వేసవి తాపం తప్పించుకోవడానికి వెయ్యి కిలోమీటర్ల దాకా ఎగిరి, తానెన్నడూ చూడని కొండగుహలకు చేరుతుంది. అది చుక్కలను చూసి దిక్కు పట్టుకుంటుందని 2025లో వెలువడిన పరిశోధన చూపింది. మబ్బు పట్టిన రాత్రి అయస్కాంత క్షేత్రం దానికి ఆసరా.

ఇక దూరం. ట్యునీషియా ఉప్పునేలల్లో కాటాగ్లిఫిస్ అనే ఎడారి చీమ మేతకోసం వంకరదారుల్లో వందల అడుగులు తిరిగి, ఆహారం దొరకగానే పుట్టకు తిన్నగా వస్తుంది. ఆ వేడికి వాసన గుర్తులు నిలవవు. రూడిగర్ వేనర్ దశాబ్దాలపాటు ఈ చీమనే చదివాడు. 2006లో అతడు సహచరులతో కలిసి చేసిన ప్రయోగంలో, మేత దగ్గరకు చేరిన చీమల కాళ్లకు పంది వెంట్రుకలతో పొడుగుకాళ్లు అతికించారు. అవి పుట్ట దాటి చాలా ముందుకు వెళ్లి వెతుక్కున్నాయి. కాళ్లు పొట్టి చేసినవి పుట్ట చేరకముందే ఆగి వెతికాయి. దిక్కును ఆకాశపు వెలుగుతో పట్టుకుని, దూరాన్ని అడుగులతో కొలిచే ప్రాణి అది.

కంటికి కనబడని క్షేత్రం

సూర్యుడూ చుక్కలూ లేనిచోట కూడా పక్షులు దిక్కు చెప్పగలవని 1960లలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రీడ్రిష్ మెర్కెల్, వుల్ఫ్‌గాంగ్ విల్ట్‌ష్కో చూపించారు. మూసిన గదిలో రాబిన్ పిట్టలు వలస దిక్కుకే దూకేవి. చుట్టూ తీగచుట్టలు పెట్టి అయస్కాంత ఉత్తరాన్ని జరిపితే అవీ జరిగాయి. 1972లో విల్ట్‌ష్కో దంపతులు మరో మలుపు చూపారు. మన దిక్సూచి ముల్లులా పక్షి ఉత్తరాన్నీ దక్షిణాన్నీ వేరుచేయదు. భూ అయస్కాంత రేఖలు నేలవైపు ఎంత వాలి ఉన్నాయో చూసి, 'ధ్రువం వైపు', 'భూమధ్యరేఖ వైపు' అని మాత్రమే తెలుసుకుంటుంది.

ఏ అవయవంతో తెలుసుకుంటుందన్నది ఈ రంగంలో అన్నిటికన్నా వేడి వాదన. రెండు పక్షాలున్నాయి. మొదటిది ఒంట్లోని మాగ్నటైట్ రేణువులే సూదులన్న పక్షం. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అయస్కాంత రేఖల వెంట ఈదే బాక్టీరియాను ప్రకటించినప్పటి నుంచి దీనికి బలం వచ్చింది. పావురం పై ముక్కులో ఇనుము నిండిన నాడీకణాలు ఉన్నాయని చాలాకాలం పాఠ్యపుస్తకాలు కూడా రాశాయి. 2012లో డేవిడ్ కీస్ బృందం ఆ కణాలను తరచి చూస్తే అవి నాడీకణాలు కావు, ఇనుమును మింగి శుభ్రం చేసే రోగరక్షక కణాలు. ఆ పక్షానికి అది పెద్ద దెబ్బ. అయినా బాక్టీరియా విషయంలో మాగ్నటైట్ పాత్ర నిర్వివాదం, ఇతర జీవుల్లో దాని అవకాశం మూసుకుపోలేదు.

రెండో పక్షం కంటిని చూపుతుంది. అయస్కాంత దిక్సూచి పనిచేయాలంటే పక్షులకు నీలి, ఆకుపచ్చ వెలుగు కావాలి. ఎర్రటి వెలుగులో దిక్కు తప్పుతాయి. వెలుగుతో మొదలయ్యే రసాయన చర్య మీద అయస్కాంత క్షేత్రం ప్రభావం ఉండవచ్చని 1978లో క్లాస్ షుల్టెన్ సూచించాడు. రెటీనాలోని క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీనే ఆ చోటు కావచ్చని 2000లో అతడూ సహచరులూ ప్రతిపాదించారు. 2021లో పీటర్ హోర్, హెన్రిక్ మౌరిట్‌సెన్ బృందాలు రాబిన్ కంటిలోని క్రిప్టోక్రోమ్ 4ను ప్రయోగశాలలో తయారుచేసి, అది అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందనీ, కోడి, పావురం ప్రొటీన్ల కన్నా ఎక్కువగా స్పందిస్తుందనీ చూపాయి. నా అంచనాలో ప్రస్తుతం బరువు ఈ పక్షం వైపే ఎక్కువ. కానీ పరీక్షనాళికలో స్పందించిన ప్రొటీన్ నుంచి బతికున్న పక్షి మెదడు తీసుకునే నిర్ణయం దాకా గొలుసులోని లంకెలన్నీ ఇంకా దొరకలేదు. 'పక్షి అయస్కాంతాన్ని కంటితో చూస్తుంది' అని పత్రికల్లో రాసేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

దిక్కు వేరు, చోటు వేరు

తెలియని అడవిలో ఒక మనిషిని వదిలి చేతికి దిక్సూచి ఇస్తే ఉత్తరం తెలుస్తుంది గానీ ఇల్లు ఎటుందో తెలియదు. దానికి పటం కావాలి. ఈ రెండూ వేరువేరు పనులని 1953లో చెప్పినవాడు కూడా క్రామరే. ఆ మాటకు గొప్ప రుజువు డచ్ శాస్త్రవేత్త పెర్డెక్ ఇచ్చాడు. 1948 నుంచి 1957 దాకా హేగ్ ప్రాంతంలో వలసపోతున్న సుమారు 11,000 స్టార్లింగ్ పక్షులను పట్టి, విమానంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వదిలారు. ఆ ఏడాదే పుట్టిన పిల్లలు తమకు తెలిసిన నైరుతి దిక్కుకే పోయి దక్షిణ ఫ్రాన్స్‌లోనూ స్పెయిన్‌లోనూ తేలాయి. పెద్దవి మాత్రం చోటు మారిందని గ్రహించి, వాయవ్యంగా తిరిగి, తమ పాత శీతాకాలపు విడిది ప్రాంతాల వైపు వెళ్లాయి. పిల్ల దగ్గర దిక్కూ దూరమూ ఉన్నాయి. పెద్ద దగ్గర పటం ఉంది. మొదటిది వారసత్వం, రెండోది సంపాదన.

ఆ పటం దేనితో గీసుకుంటుంది? ఇక్కడ జాతికో జవాబు ఉంది. 1972లో పీసా నగరంలో ఫ్లోరియానో పాపి, వాసన నాడి తెగిన పావురాలు అపరిచిత ప్రదేశాల నుంచి ఇంటికి రాలేవని చూపాడు. గాలులు తెచ్చే వాసనల తేడాలే వాటి పటమన్నది అతని వాదం. తెలిసిన ప్రాంతంలో అవే పావురాలు నేల గుర్తులను వాడతాయి. రోమ్ పరిసరాల్లో 2004లో జరిగిన అధ్యయనంలో అవి రహదారులనూ రైలుమార్గాలనూ వెంబడించి ఎగిరాయి.

సాల్మన్ చేప నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన వాగుకే తిరిగి వస్తుంది. ఆ వాగు వాసనను పిల్లప్పుడే జ్ఞాపకంలో అచ్చు వేసుకుంటుందని 1951లో ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ చెప్పారు. 1970లలో మిషిగన్ సరస్సులో కోహో సాల్మన్ పిల్లలకు మార్ఫోలిన్ అనే రసాయనం వాసన అలవాటు చేసి వదిలారు. ఎదిగాక అవి ఆ రసాయనం కలిపిన వాగులోకే ఎక్కాయి. నడిసముద్రంలో మాత్రం వాసన అందదు. కెనడాలోని ఫ్రేజర్ నదికి వచ్చే సాకై సాల్మన్‌ల 56 ఏళ్ల లెక్కలు తీసి నాథన్ పుట్మన్ బృందం 2013లో చూపినదేమిటంటే, వాంకూవర్ దీవిని ఏ వైపు నుంచి చుట్టి రావాలన్న వాటి ఎంపిక అక్కడి అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పులతో ముడిపడి ఉంది. దూరాన అయస్కాంతం, దగ్గర వాసన.

అన్నిటికన్నా నిండుగా తెలిసిన కథ సముద్ర తాబేలుది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల మొదట వెలుగును చూసి నీటివైపు పరుగెత్తుతుంది, తరువాత అలలకు ఎదురీదుతుంది, ఆపైన అయస్కాంతాన్ని ఆసరా చేసుకుంటుంది. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ లోమన్ తీగచుట్టల మధ్య నీటితొట్టిలో పిల్లలను ఉంచి, అట్లాంటిక్‌లోని వేరువేరు చోట్ల అయస్కాంత క్షేత్రాలను కల్పించాడు. ఏ చోటు క్షేత్రం పెడితే, ఆ చోట ప్రాణం దక్కే ప్రవాహంలో నిలవడానికి ఎటు ఈదాలో అటే ఈదాయి. 2015లో బ్రదర్స్, లోమన్ ఫ్లోరిడా తీరపు గూళ్ల లెక్కలు చూస్తే, అయస్కాంత రేఖలు దగ్గరగా జరిగిన చోట్ల గూళ్లూ దగ్గరయ్యాయి. 2025లో అదే ప్రయోగశాల తాబేళ్లు మేత దొరికిన చోటి అయస్కాంత గుర్తును నేర్చుకుని గుర్తుపెట్టుకుంటాయని నిరూపించింది. అంతకన్నా ముఖ్యం ఏమిటంటే, రేడియో తరంగాలతో వాటి దిక్సూచి చెడింది, పటం చెడలేదు. క్రామర్ చెప్పిన తేడా ఒకే ప్రాణి ఒంట్లో, ఒకే అయస్కాంత క్షేత్రం విషయంలో, రెండు వేరు యంత్రాంగాలుగా బయటపడింది.

మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లదీ ఈ వంశమే. ఒడిశాలోని గహిర్‌మాథా, రుషికుల్యలో అవి వేలాదిగా ఒకేసారి ఒడ్డెక్కుతాయి. శ్రీకాకుళం నుంచి విశాఖ, కాకినాడ హోప్ ఐలండ్, నెల్లూరు దాకా మన ఇసుకలోనూ విడివిడిగా వచ్చి గుడ్లు పెడతాయి. 2021లో ఒడిశాలో రెక్కకు లోహపు బిళ్ల తొడిగిన ఒక తాబేలు 2025 జనవరిలో దేశానికి అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనబడింది. తూర్పు తీరం, పడమటి తీరం వాటికి వేరువేరు లోకాలన్న భావన ఆ ఒక్క బిళ్లతో సడలింది.

రక్తంలోనిది ఎంత, నేర్చినది ఎంత

దిక్కు వారసత్వంగా వస్తుందనడానికి జర్మనీలో బ్లాక్‌క్యాప్ పిట్టల మీద జరిగిన పని గట్టి సాక్ష్యం. పడమటి జర్మనీ పిట్టలు నైరుతికి, ఆస్ట్రియా పిట్టలు ఆగ్నేయానికి వలసపోతాయి. ఆండ్రియాస్ హెల్బిగ్ వాటిని జతకట్టిస్తే పిల్లలు మధ్యలోని దక్షిణ దిక్కును ఎంచుకున్నాయని 1991లో తేలింది. కన్నవారి ముఖమే చూడని పక్షుల సంగతి ఇంకా స్పష్టం. మన కావ్యాల చాతకం నైరుతి రుతుపవనాలతో పాటు ఆఫ్రికా నుంచి ఉత్తర, మధ్య భారతానికి వచ్చి, వేరే జాతి పిట్టల గూళ్లలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లను పెంచేది వలస వెళ్లని పరాయి తల్లి. ఆఫ్రికా దారి ఆ తల్లి నేర్పేది కాదు.

మన ఇళ్లముందు వాన తరువాత గుంపులుగా ఎగిరే తూనీగల్లో పాంటలా ఫ్లావెసెన్స్ అనే జాతి ఉంది. మంచినీటి చెరువులు లేని మాల్దీవుల్లో ఏటా అక్టోబరు ప్రాంతంలో అవి లక్షలుగా ఎందుకు దిగుతున్నాయన్న ప్రశ్నతో చార్లెస్ ఆండర్సన్ ఏళ్లతరబడి లెక్కలు రాసుకున్నాడు. అవి భారతదేశం నుంచి గాలివాటున బయలుదేరి తూర్పు ఆఫ్రికా చేరతాయనీ, రాకపోకలు కలిపి 14,000 నుంచి 18,000 కిలోమీటర్ల వలయమనీ, దాన్ని నాలుగు తరాలు కలిసి పూర్తిచేస్తాయనీ 2009లో ప్రతిపాదించాడు. అముర్ డేగలు సముద్రం దాటేది ఆ కాలంలోనే, దారిలో వాటికి మేత ఈ తూనీగలేనని కూడా సూచించాడు. ముత్తాత బయలుదేరిన చోటికి మునిమనవడు చేరే ప్రయాణంలో నేర్పడానికి గురువు ఉండడు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేవి కొంగలూ గొర్రెలూ. ఉత్తర అమెరికాలో 1941 నాటికి హూపింగ్ క్రేన్ కొంగలు రెండు పదుల పైచిలుకే మిగిలాయి. పెంచి వదిలిన పిల్లలకు దారి తెలియదు కనుక, చిన్న విమానం వెంట వాటిని విస్కాన్సిన్ నుంచి ఫ్లోరిడాకు నడిపించారు. ఆ తరువాతి ఏళ్ల ప్రయాణాలను విశ్లేషించిన 2013 నాటి అధ్యయనంలో, గుంపులో వయసు మళ్లిన పక్షి ఒక్కటి ఉన్నా దారి తప్పడం గణనీయంగా తగ్గింది. కొత్త కొండల్లోకి తరలించిన బిగ్‌హార్న్ గొర్రెల మందలు వలస నేర్చుకోవడానికి దశాబ్దాలు పట్టిందని 2018లో తేలింది. పచ్చిక ఎప్పుడు ఎక్కడ మొలుస్తుందో ఒక తరం కనిపెట్టి తరువాతి తరానికి అందిస్తుంది. అది సంస్కృతి. మన భరత్‌పూర్‌కు వచ్చే సైబీరియా కొంగలు 2002 తరువాత కనబడలేదు. అక్కడ పోయినవి పక్షులు మాత్రమే కావు, ఆ పక్షులు మోసిన దారి కూడా పోయింది. తిరిగి కొనడానికి అది ఎక్కడా దొరకదు.

తేలినదేమిటి

ఎండ, చుక్కలు, అయస్కాంత రేఖల వాలు - ఈ మూడు దిక్సూచులూ స్థిరపడిన సత్యాలు. వాటిని పక్షులు ఒకదానితో ఒకటి సరిచూసుకుంటాయి. దిక్కు వారసత్వంగా రాగలదన్నదీ, దారిని అనుభవం సరిదిద్దుతుందన్నదీ అంతే గట్టివి. సాల్మన్ వాసన జ్ఞాపకం, తాబేలు అయస్కాంత పటం ప్రయోగాల్లో నిలిచాయి. తేలవలసినవి రెండు పెద్ద విషయాలు: అయస్కాంతాన్ని గ్రహించే అవయవం ఏది, దూరప్రయాణం చేసే పక్షి పటం ఏ కొలతలతో తయారవుతుంది. వీటికి ఒకే జవాబు వస్తుందని ఆశించడం సరికాదు. తాబేలు, పావురం, చీమ వేరువేరు అవసరాలతో వేరువేరు దారుల్లో ఈ విద్యను సంపాదించుకున్నాయి.

మనం చెడగొడుతున్నది

ఈ జ్ఞానాలన్నీ భూమి ఇచ్చే గుర్తుల మీద ఆధారపడినవి. ఆ గుర్తులను మనం తుడిచేస్తున్నాం. న్యూయార్క్‌లో ఏటా సెప్టెంబరు 11న ఆకాశంలోకి వేసే స్మారక దీపకాంతి ఏడు రాత్రుల్లో సుమారు 11 లక్షల పక్షులను దారి మళ్లించిందని 2017లో లెక్కతేలింది. దీపాలు ఆర్పిన నిమిషాల్లో అవి చెదిరి తమ దారిన పోయాయి. ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రాబిన్ పిట్టలు దిక్కు తప్పడానికి కారణం విద్యుత్ పరికరాల నుంచి వచ్చే బలహీనమైన విద్యుదయస్కాంత రొద అని 2014లో బయటపడింది. పంజరాల గుడిసెలకు అల్యూమినియం రేకులు చుట్టి భూమికి కలిపితే మళ్లీ దిక్కు చెప్పాయి.

గోదావరి సంగతి మనకు చెప్పనక్కరలేదు. వరదనీటి ఎర్రదనం సముద్రంలో కలవగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే పులసకు 1852లో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుంచి దారి అక్కడితో ఆగింది. గంగ మీద 1975లో ఫరక్కా బరాజ్ వచ్చాక ఎగువన అదే చేప దాదాపు కనుమరుగైంది. ధవళేశ్వరం నీటితో మన డెల్టా పండిందన్నది నిజం, చేప దారి మూసుకుపోయిందన్నదీ నిజం. చేపలు ఎక్కే దారి ఆలోచించకుండా ఇకముందు ఏ నది మీదా అడ్డుకట్ట కట్టకూడదు.

తాబేళ్ల విషయంలో చేయవలసిన పని ఇంకా తేలిక. ట్రాలర్ వలలో చిక్కిన తాబేలు ఊపిరాడక చచ్చిపోతుంది. తాబేలు తప్పించుకుపోయే మార్గం ఉన్న వల అమరిక ఉంది, దాన్ని వాడాలన్న నిబంధనా ఉంది. అమలు కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్న వేట నిషేధం జనవరి నుంచి మార్చి దాకా గుడ్లకు వచ్చే తల్లులను కాపాడదు. ఆ నెలల్లో గూళ్లున్న తీరాలకు దగ్గరగా ట్రాలింగ్ ఆపడం అవసరం, అందుకు మత్స్యకారులకు పరిహారం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఒడ్డున ఇల్లు, హోటలు, రిసార్టు ఉన్నవారికి ఒక విన్నపం. జనవరి నుంచి మే దాకా రాత్రి పది దాటాక సముద్రం వైపు వెలిగే దీపాలు ఆర్పండి, వీలుకాకపోతే కిందికి వంచండి. పిల్ల తాబేలుకు తెలిసిన మొదటి పాఠం వెలుగువైపు వెళ్లడం. ఆ వెలుగు రోడ్డు దీపమైతే అది కుక్కల పాలవుతుంది, కారు చక్రాల కింద పడుతుంది. ఆలివ్ రిడ్లీ పెద్దదై గుడ్లు పెట్టడానికి సుమారు 15 ఏళ్లు పడుతుంది. ఈ ఏడాది మనం ఆర్పిన దీపానికి ఫలితం 2040లలో మన పిల్లలు చూస్తారు. ఈ వేసవిలోనే మొదలుపెడదాం.